ముంగిస మెడలో ముడి

ఈ కథలో రెండు సంగతులు చెప్పబడవు. పాము కాటు పడితే ముంగిసలు నమిలే వేరు పేరేమిటన్నది మొదటిది. అది ముంగిసల కులరహస్యం. పాములు వింటాయని వాళ్ళు దాని పేరు పైకి పలకరు. ధూమ్రయ్య అనే ముంగిస తనవాళ్ళందరికీ దూరమై ఎర్రగట్టు మీద ఒంటరిగా ఎందుకు కాపురముండేవాడన్నది రెండోది. అడిగినవాళ్ళు అడిగారు. ఆయన చెప్పలేదు. కనుక ఇక్కడా ఉండదు.

ఎర్రగట్టు అడవి అంచున ఉంది. అక్కడి మట్టి ఇటుకపొడిలా ఉంటుంది. పైన చెప్పిన వేరు అక్కడ ఏ గట్టు గీరినా దొరుకుతుంది. ధూమ్రయ్య పాముతో పోరాడి వచ్చిన ప్రతిసారీ దాన్ని కళ్ళు మూసుకుని పీకి, నమిలి, బొరియలోకి వెళ్ళి పడుకునేవాడు. ఎక్కడ గాయమైందో ఎవరికీ చూపేవాడు కాదు. బాగుందా అని అడిగేవాళ్ళూ లేరు.

ఎదుటి పొదలో కాపురముండే కుందేలు చెంగమ్మ ఒక్కతే పొద్దున్నే పలకరించేది.

"లేచారా, ధూమ్రయ్యగారూ?"

"ఊఁ."

ఆ ఒక్క అక్షరంతో ఆమె ఆ పూటకు సరిపెట్టుకునేది. అడవిలో అందరూ ఒకరినొకరు వరస కలిపి పిలుచుకుంటారు. వరస కలపమని ధూమ్రయ్య ఎన్నడూ అనలేదు. కనుక ఆమె పేరుతోనే పిలిచేది.

ఆయనకు ఒక మంచి నియమం మాత్రం ఉంది. ఆ అడవిలో జాబులు మోదుగాకు మీద పంటిగాట్లతో రాస్తారు, కాకి మోస్తుంది. జాబు వస్తే అదే పూట బదులు రాయడం ధూమ్రయ్య పద్ధతి. జవాబు కోసం కాకిని నిలబెట్టడం అమర్యాద అనేవాడు.

ఒకనాడు కనుమ అవతల నల్లచేల మేకల దొడ్డి నుంచి జాబు వచ్చింది. రాసినది దొడ్డికి పెద్దయిన బొల్లి మేక, బొల్లమ్మ.

"అయ్యా, మా దొడ్డి రాతిగోడ కన్నంలో నాగుపాము చేరింది. దాని భయానికి పిల్లాజెల్లాతో బయటే పడుకుంటున్నాం. బయట పడుకుంటే నక్కలకు పండగ. ఇప్పటికే పిల్లలు తగ్గారు. తమరు దయచేయాలి."

ధూమ్రయ్య అప్పుడే ఒక ఆకు కోసి, "వస్తున్నాను" అని రాసి, కాకిని పంపేశాడు. మర్నాడు పొద్దు పొడుస్తూనే బయలుదేరాడు.

పొదలోంచి రెండు చెవులు పైకి లేచాయి.

"ప్రయాణమా?"

"ఊఁ."

"కనుమ దాటి?"

"ఊఁ."

"మరి వేరు తీసుకున్నారా?"

"వేరు మోసుకుపోయే వస్తువా? గట్టున్న చోటల్లా ఉంటుంది."

"మన గట్టు మీద ఉంటే లోకమంతా ఉన్నట్టేనా? అవతలిది నల్లరేగడి. మా పినతల్లిని అక్కడికే ఇచ్చారు. మన మొక్కల్లో ఒక్కటీ ఆ నేలలో మొలవదని చెప్పింది."

"మీ పినతల్లి ముంగిసా?"

"కాదు. కళ్ళున్న కుందేలు."

చెంగమ్మ గట్టు గీరి ఒక వేరు ముక్క తీసింది. దాన్ని జనపనార పోగుకు కట్టి ఆయన మెడలో వేసింది. ఆమె వేసే ముడి వేరుగా ఉంటుంది. బిగించాక రెండు కొసలు కుందేలు చెవుల్లా నిక్కి నిలబడతాయి. అలాంటి ముడి ఆ అడవిలో ఇంకెవరూ వేయరు.

"ఇదెందుకు?" అన్నాడు ఆయన.

"దాహం వేశాక బావి తవ్వుతారా ఎవరైనా? ఉండనీయండి. బరువేం లేదుగా."

ఆయన వెనుదిరగకుండా నడిచాడు. ఆమె నిలబడి చూస్తోందని మాత్రం తెలిసింది. వెనకనుంచి పొద్దు ఎక్కుతుంటే ఆమె చెవుల నీడలు పొడుగ్గా సాగి ఆయన కాళ్ళ ముందు దాకా పడ్డాయి. దారి వంపు తిరిగాక అవీ లేవు.

కనుమ మీద ఒక బండ ఉంది. దాని మీద తీతువు పిట్ట ఒకటి కూర్చుంటుంది. అందరూ తీతవ్వ అంటారు. తీతువు కూత అపశకునమని లోకం మాట. ఈ ముసలిదానికి మరో దుర్గుణం కూడా ఉందని బాటసారులు తిట్టుకునేవారు. కనుమ దాటే ప్రతివాణ్ణీ ఆపి, ఒంట్లో ఏం బాధ ఉంది, మందు ఎక్కడ పెట్టుకున్నావు, పడిపోతే కబురు ఎవరికి చేయాలి అని అడుగుతుంది. బయలుదేరినవాణ్ణి ఎక్కడికి అని కూడా అడగకూడదంటారు. చావు సంగతి అడిగేదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? దాన్ని తప్పించుకోవడానికి కొందరు ముళ్ళదారిన పోయేవారు.

"ఆగు నాయనా" అంది తీతవ్వ.

"నేను శకునాలు నమ్మను."

"నేను చెప్పనూ చెప్పను. అడుగుతానంతే. మెడలో ఏమిటది?"

"నీకనవసరం."

"పేరు వద్దు. దేనికో చెప్పు, చాలు."

"దాని అవసరం రాదు."

"అవసరం వస్తుందని చెప్పి ఎవరు బయలుదేరతారు నాయనా? సరే, పోనీ. దారిలో పడిపోతే కబురు ఎవరికి చేయమంటావు?"

ఇంతవరకు ధూమ్రయ్యను ఎవరూ అడగని ప్రశ్న అది. కనుమలో గాలి ఈల వేస్తోంది. ఒక్కొక్క ముఖమే తలుచుకుని, ఒక్కొక్కటే పక్కన పెట్టాడు.

"ఎవరూ లేరు."

తీతవ్వ ఆయన ముఖం చూడలేదు. మెడలోని ముడి చూసింది. "సరే, వెళ్ళిరా" అంది.

ఆ మాటలు పక్క పొదలో జంబయ్య అనే నక్క విన్నాడు. నల్లచేల మేకపిల్లల రుచి తెలిసినవాడు జంబయ్యే. మేకలు ధూమ్రయ్యను పిలిపించిన సంగతి కాకి నోట వినే ఉన్నాడు. గోడలో పాము ఉన్నంతకాలం మేకలు బయట పడుకుంటాయి. అవి బయట పడుకున్నంతకాలం తనకు లోటు లేదు. ముంగిస దొడ్డికి చేరితే ఆ వైభవం ముగిసినట్టే. ముంగిసతో తలపడే ధైర్యం లేదు. నోరు మాత్రం ఉంది.

"బావగారూ! ఎన్నాళ్ళకు దర్శనం!"

ధూమ్రయ్య ఆగాడు. "మనమెప్పుడూ కలవలేదు."

"కలవకపోతే వరస పోతుందా?"

"ఏ వరస?"

"మీరు పాముల్ని తింటారు. పాములు ఎలుకల్ని తింటాయి. ఎలుకల్ని నేనూ తింటాను. అంటే మన రెండిళ్ళకూ వంటిల్లు ఒక్కటే కదండీ! ఒకే వంటింటివాళ్ళు బావలు కాక మరేమవుతారు?"

ధూమ్రయ్య నవ్వలేదు. అయితే వెళ్ళిపోనూ లేదు. తనను ఎవరైనా వరస పెట్టి పిలిచి ఏళ్ళు గడిచాయి. ఆ పిలుపు దొంగదని తెలిసినా చెవికి చల్లగా ఉంది. జంబయ్య తన పేరు చెప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి దిగడం మొదలుపెట్టారు.

కొంత దూరం పోయాక జంబయ్య ఓరగా చూశాడు. "అడగకూడదు గానీ, బావగారూ, మెడలో ఆ తాడేమిటి?"

"మందు."

"అమ్మమ్మ! మేకలు చూస్తే ఏమనుకుంటాయి? పామును చంపడానికి వచ్చాడా, కాటు తినడానికి వచ్చాడా అనుకోవూ? పెళ్ళికి పోతూ పాడెకర్రలు చంకన పెట్టుకున్నట్టు లేదూ?"

ధూమ్రయ్య చెవులు వేడెక్కాయి. పొద్దుటినుంచీ ఆయనకూ అదే నామోషీగా ఉంది.

"పారేయమనను. ఇలా ఇవ్వండి, నా మూటలో పెడతాను. మందు బావ దగ్గరుంటేనేం, బావమరిది దగ్గరుంటేనేం?"

ముడి విప్పబోతే విడలేదు. ఆయన దాన్ని తల మీదుగా తీసి, ముడితో సహా నక్క చేతికిచ్చాడు.

నల్లచేలు మొదలైన చోట ఒక పుట్ట ఉంది. జంబయ్య అక్కడ గొంతు తగ్గించాడు.

"దొడ్డిలో పాము మధ్యాహ్నం పూట ఇందులోనే పడుకుంటుంది, బావగారూ. ఇక్కడే దాని పని పట్టి తోక నోట కరుచుకుని వెళ్ళారనుకోండి, ఆ మర్యాదే వేరు!"

అది అబద్ధం. పుట్టలో ఉన్నది మరో పాము. ధూమ్రయ్యకు ఏ పామైనా ఒకటే. రోమాలు నిక్కబొడుచుకుని పుట్ట ముందు నిలిచాడు. పాము బయటికి వచ్చి పడగ విప్పింది. కాటు వేయబోగానే ఎప్పటిలా వెనక్కి ఎగిరాడు. ఎర్రమట్టిలో పుట్టి పెరిగిన ఏ ముంగిసైనా అలాగే ఎగురుతుంది; అక్కడి నేల గట్టిగా కాలికి అందుతుంది. ఇక్కడిది ఎండకు నెర్రెలు విచ్చిన రేగడి. ఆయన వెనకకాలు నెర్రెలో దిగి ఇరుక్కుంది. కాలు లాక్కునేలోగా పాము తొడ మీద కాటు వేసి పుట్టలోకి జారిపోయింది.

"జంబయ్యా, మందు" అన్నాడు ధూమ్రయ్య.

"ఏ మందు, బావగారూ?"

"నా వేరు. పొద్దు గుంకేలోగా నమలాలి. తరవాత పనిచేయదు."

"మీదని దాని మీద రాసుందా? నేనివ్వకపోతే మాత్రం నన్ను అడగడానికి వచ్చేదెవరు? మీకెవరూ లేరట కదా! కనుమ మీద మీ నోటితోనే చెబితిరి."

నక్క మూట భుజాన వేసుకుని తాపీగా వెళ్ళిపోయాడు. చీకటి పడేవేళకు ముంగిస పోతాడు, దొడ్డి తనదవుతుంది.

ధూమ్రయ్య కాలు లాక్కుని గట్టు వెంట పాకాడు. దొరికిన ప్రతి మొక్కనూ వాసన చూశాడు. ఒక్కటీ ఎరిగినది కాదు. ఎర్రగట్టు మీద కళ్ళు మూసుకుని పీకే వేరు ఇక్కడ కళ్ళు పొడుచుకుని వెతికినా లేదు. కళ్ళున్న కుందేలు అన్న మాట గుర్తొచ్చింది. పొద్దు వాలుతోంది. ఒళ్ళు బరువెక్కుతోంది. దూరాన మేకల మెడగంటలు వినిపించాయి. ఆ చప్పుడు పట్టుకుని పాకి, దొడ్డిగోడ వెనక పడిపోయాడు. నాలుక మొద్దుబారింది, పిలుద్దామంటే గొంతు లేవలేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి.

గోడ అవతల జంబయ్య గొంతు.

"అమ్మా బొల్లమ్మా, దుర్వార్త తెచ్చాను. ధూమ్రయ్య దారిలోనే పోయాడు. పోతూపోతూ, 'బావా, నాకెవరూ లేరు, ఈ మందూ ఈ పనీ నీకే అప్పగిస్తున్నా'నని కన్ను మూశాడు. ఇదిగో, పాముకాటు మందు. సాక్ష్యం."

"అయ్యో! మేము పిలిస్తేనే కదా బయలుదేరాడు. ఆయన కోసం ఏడ్చేవాళ్ళకు కబురైనా చేయవద్దూ?"

"ఉంటే కదా, చేయడానికి!"

గోడ ఇవతల ధూమ్రయ్య ఆ మాట విన్నాడు. ఇంతసేపూ నక్క అన్నవాటిలో నిజం అదొక్కటే అనిపించింది.

"మరి మా గతేమిటి నాయనా?" అంది బొల్లమ్మ.

"నేను లేనూ! మీరంతా ఎప్పటిలా బయటే పడుకోండి. పిల్లల్ని మాత్రం నా పక్కన పడుకోబెట్టండి, కంటికి రెప్పలా కాస్తాను."

బొల్లమ్మ నెమరు వేస్తూ ఊరుకుంది. మేక నెమరు వేస్తోందంటే ఆలోచిస్తోందని నక్కకు తెలియదు.

"మందు మంచిదేనా?"

"మంచిదా అని అడుగుతారా! దివ్యౌషధం!"

"అయితే ఆయనెందుకు పోయాడు?"

జంబయ్య మూట ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "నమలడంలో ఆలస్యం చేశాడమ్మా."

"నువ్వు చేయవుగా?"

"నేనా? చచ్చినా చేయను!"

"ఇంకేం మరి. మందు నీ చేతిలో ఉంది, పని నీకు అప్పగించారు. అదిగో కన్నం. చెయ్యి పెట్టి పామును బయటికి లాగు. అప్పుడు పిల్లలే కాదు, నేనూ నీ పక్కనే పడుకుంటాను."

మేకలన్నీ చుట్టూ చేరాయి. "కానీయ్, మందుల బావా!" అంది ఒక మేకపోతు, కొమ్ములు ముందుకు పెట్టి. జంబయ్య ఒక అడుగు వేశాడు. కన్నంలోంచి బుస్సుమంది.

అదే సమయానికి పైన తీతవ్వ కూసింది. సరిగ్గా జవాబు చెప్పకుండా కనుమ దాటినవాళ్ళ వెంట కొంత దూరం వచ్చి చూడడం ఆ ముసలిదానికి అలవాటు.

"తీతువమ్మా, తీతువు! అపశకునం!" అన్నాడు జంబయ్య. "ఈ పూట ముట్టుకుంటే నాశనం. రేపు చూద్దాం."

"శకునం పాముక్కూడా తగులుతుందిలే. దానికీ చెడ్డరోజే. కానీయ్!" అంది బొల్లమ్మ.

మేకపోతు వెనకనుంచి ఒక పోటు పొడిచింది. జంబయ్య మూట వదిలేసి గోడ దూకి, తోక నేలకు ఆనకుండా పరుగెత్తాడు. అతని అరుపు విన్నవాళ్ళు తీతువు కూతే నయమన్నారు. ఆ తరవాత నల్లచేలలో ఏ మేకపిల్ల కనబడినా, "మందుల బావా, కన్నంలో చెయ్యి పెడతావా?" అని అడిగేది. జంబయ్య అటు రావడమే మానుకున్నాడు.

తీతవ్వ మూట పక్కన వాలింది. నార పోగు, దాని కొసన వేరు, రెండు చెవుల ముడి.

"ఈ ముడి నేనెరుగుదును" అంది. "ఇది మెడలో ఉండాల్సినవాడు ఏడి? చచ్చినవాడి మెడలోంచి నక్క మర్యాదగా తీస్తుందా? మెడనే కొరుకుతుంది. వెతకండి!"

గోడ వెనక వెతికితే ధూమ్రయ్య దొరికాడు. పొద్దు చెట్ల కొసల దాకా దిగింది. మందేమిటో ధూమ్రయ్య ఎవరికీ చెప్పలేదు. అది దేనికన్నది నక్క గొప్పలకు పోయి చెప్పాడు. ఎవరిదన్నది ముడి చెప్పింది. ఆయన పళ్ళు కదలని స్థితిలో ఉన్నాడు. మేక నమలని ఆకు లేదంటారు. బొల్లమ్మ ఆ చేదు వేరును తనే నమిలి, పిప్పి చేసి, ఆయన నాలుక కింద పెట్టింది.

మర్నాడు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గోడ మీద తీతవ్వ ఉంది.

"ఎవరూ లేరన్నావు."

ధూమ్రయ్య చెయ్యి ఖాళీ మెడను తడుముకుంది.

"మరి ఈ ముడి ఎవరు వేశారు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తీతవ్వ ఆ నార పోగును ముక్కున కరుచుకుని కనుమ వైపు ఎగిరిపోయింది.

ధూమ్రయ్య కోలుకున్నాక ముందు నేలమీద నెర్రెలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని, ఆ తరవాతే కన్నం దగ్గరికి వెళ్ళి, వచ్చిన పని పూర్తి చేశాడు. మేకలు దొడ్డిలోకి చేరాయి. కాటు పడ్డ కాలు కనుమ ఎక్కగలిగేదాకా ఉండమని బొల్లమ్మ అంది, ఆయన ఉన్నాడు. నాటినుంచి ఆ దొడ్డిలో పిల్లల్ని దూరపు మేతకు పంపేటప్పుడు పెద్దలు ఒక మాట చెప్పి పంపుతారు: మూటలో మందు మూగది, దాని తరఫున మాట్లాడేవాడొకడు ఉండాలి.

కొన్నాళ్ళకు కాకి జాబు తెచ్చింది. మోదుగాకు చుట్టూ నార పోగు, దానికి కొత్త వేరు, అదే ముడి.

"ధూమ్రయ్యగారికి. తీతవ్వ వచ్చి నార చూపించింది. నాదే అన్నాను. ఇకమీదట ఆయనకేమైనా అయితే కబురు నీకు చేయవచ్చా అంది. చేయమన్నాను. మిమ్మల్ని అడగకుండా చెప్పాను, ఏమీ అనుకోవద్దు. ఆయన నీకేమవుతారు, ఏ వరస అని కూడా అడిగింది. దానికి మాత్రం ఏం చెప్పాలో తెలియలేదు. మళ్ళీ వస్తానంది. మీరు ఏ మాట రాస్తే ఆ మాటే చెబుతాను. వాన తడికి నార వదులవుతుంది, చూసుకుంటూ ఉండండి. చెంగమ్మ."

ధూమ్రయ్య చదివాడు. వేరు మెడలో వేసుకున్నాడు. ఒక మోదుగాకు కోసుకొచ్చి, దాని అంచున పన్ను ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"బదులుందా?" అంది గోడ మీది కాకి.

ఎండ గోడ దిగేదాకా చూసి, కాకి వెళ్ళిపోయింది.

ఆ జాబును పాము ఖాళీ చేసిన కన్నంలో, వాన తగలని చోట దాచుకున్నాడు. ఆకు ఎండి ముడతలు పడింది. పంటిగాట్లు మాత్రం మిగిలాయి. జాబు వస్తే అదే పూట బదులు రాసే ధూమ్రయ్య దానికి బదులు రాయలేదు.